8+7 దగ్గర పిల్లలు ఎందుకు ఆగిపోతారు? కూడిక వెనక జరిగే పని

క్లుప్తంగా: కూడిక మెట్లు మెట్లుగా వస్తుంది. ముందు అన్నీ లెక్కపెట్టడం, తర్వాత ఒక సంఖ్య నుంచి ముందుకు లెక్కపెట్టడం, ఆ తర్వాత సంఖ్యను విడగొట్టి పది చెయ్యడం, చివరికి జవాబు గుర్తుండిపోవడం. పది చెయ్యడం దగ్గర తడబడిన పిల్లలే సాధారణంగా రెండంకెల కూడికలో క్యారీ దగ్గర కూడా తడబడతారు, ఎందుకంటే రెండూ ఒకటే పని. ఇప్పటి పుస్తకాల్లో పెద్దవాళ్లకు వింతగా కనిపించే పద్ధతులు ఎక్కువసేపు ఆగేది కూడా ఈ మెట్టు మీదే.

పిల్లల నోట్‌బుక్ తెరిచిన పెద్దవాళ్లకు తరచూ ఒక అనుమానం వస్తుంటుంది. 8+7 అని ఇచ్చి, దాని కింద 8+2+5 అని రాయించి, పక్కన ఒక గీత గీసి దాని మీద గెంతులు వేయించి, అప్పుడు గానీ 15 అని రాయనివ్వరు. ఒక్క ముక్కలో తేలిపోయేదానికి ఇంత తతంగం ఎందుకు అని అడగడంలో తప్పేమీ లేదు. పెద్దవాళ్లకు 8+7 చూడగానే 15 తట్టేస్తుంది, మధ్యలో ఏదో పని జరిగిందన్న సంగతి కూడా తెలియదు. ఆ మధ్యలో ఉన్నవన్నీ ఎప్పుడో చిన్నప్పుడే మరుగున పడిపోయాయి. పిల్లలకు మాత్రం అవన్నీ ఇంకా కళ్ల ముందే ఉన్నాయి, ఒక్కొక్కటీ దాటాలి.

అంకెలు చెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు

ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పే పాపని "నాకు మూడు పెన్సిళ్లు ఇవ్వు" అని అడిగితే గుప్పెడు తీసి ఇచ్చేస్తుంది. అబద్ధం అనిపిస్తే ఎవరైనా చూడొచ్చు, మూడేళ్ల పిల్లల్లో ఇది చాలా మామూలు. వాళ్లకి అంకెలు అప్పటికి ఒక పాటలాంటివి. వరస తెలుసు, ఆ వరసలో చివర పలికిన మాట మొత్తం ఎన్నో చెబుతుందని తెలియదు. అందుకే ఐదు వస్తువుల్ని చక్కగా లెక్కపెట్టిన పిల్లవాణ్ణి "అయితే ఎన్ని ఉన్నాయి?" అంటే "ఐదు" అనకుండా మళ్లీ ఒకటీ రెండూ మొదలుపెడతాడు.

రాచెల్ గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో లెక్కపెట్టడం వెనక ఐదు సూత్రాలు ఉన్నాయని చెప్పారు. ఒక్కో వస్తువుకి ఒక్కో మాటే వాడాలి, మాటల వరస మారకూడదు, చివరి మాటే మొత్తం, వస్తువులు ఏవైనా ఫరవాలేదు, ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. కూడికకు తలుపు తీసేది ఇందులో మూడోది. "ఐదు" అంటే ఐదో వస్తువు పేరు కాదు, అక్కడున్న గుంపు మొత్తానికి పేరు అని తెలియనంత వరకు, ఐదుకి మూడు కలపడం అన్న మాటకి అర్థమే ఉండదు.

పరిమాణం మీద ఊహ మాత్రం ఇంతకన్నా చాలా ముందే ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త కారెన్ విన్ 1992లో ప్రచురించిన ప్రయోగంలో ఐదు నెలల పసిపిల్లల ముందు ఒక బొమ్మ పెట్టి, దానికి తెర అడ్డుపెట్టి, తెర వెనక్కి ఇంకో బొమ్మ చేర్చారు. తెర తీసినప్పుడు రెండు బొమ్మలుంటే పిల్లలు మామూలుగా చూశారు, ఒక్కటే కనిపిస్తే ఇంకాసేపు తేరిపార చూశారు. దీన్ని కూడిక అనవచ్చా లేదా అన్న వాదన తర్వాత చాలానే నడిచింది. ఒకటో రెండో వస్తువుల దగ్గర కళ్లకే తెలిసిపోయే విషయం, ఎనిమిదీ ఏడూ దగ్గర కళ్లకు తెలియదు. అక్కణ్ణుంచి మాటలు, వేళ్లు, గుర్తులు సాయం రావాల్సిందే.

వేళ్ల మీద జరిగేది

5+3 అని అడిగితే మొదట్లో పిల్లలు ఒక చేత్తో ఐదు వేళ్లు చూపిస్తారు, రెండో చేత్తో మూడు చూపిస్తారు, తర్వాత మొత్తం ఎనిమిదీ ఒకటి నుంచి లెక్కపెడతారు. ఇది నెమ్మది, కానీ తప్పు వచ్చే అవకాశం తక్కువ. కొన్నాళ్లకు ఐదుని మళ్లీ లెక్కపెట్టక్కర్లేదని గమనిస్తారు, "ఐదు" అని మనసులో పెట్టుకుని "ఆరు, ఏడు, ఎనిమిది" అని ముందుకు పోతారు. చూడ్డానికి చిన్న మార్పు. నిజానికి ఒక గుంపుని విప్పి చూడకుండా దాని పేరు మీద నమ్మకం పెట్టుకోవడం ఇదే మొదటిసారి.

సరిగ్గా ఇక్కడే ఎక్కువ మంది పిల్లలు చేసే ఒక తప్పు ఉంది, దగ్గరగా చూస్తే గానీ దొరకదు. 5+3 కి జవాబు 7 వస్తుంది. 6+4 కి 9 వస్తుంది. ప్రతిసారీ ఒకటి తక్కువ. పిల్లవాడికి కూడిక రాలేదనుకుంటారు గానీ, అతను మొదటి వేలు మడుస్తూ "ఐదు" అంటున్నాడు, రెండో వేలుకి "ఆరు", మూడో వేలుకి "ఏడు". మూడు వేళ్లూ అయిపోయాయి, జవాబు ఏడు. అతని పద్ధతి మొత్తం సరైనదే, మొదలుపెట్టే చోటు ఒక్కటే జారింది. సంఖ్యారేఖ మీద గెంతుల్ని కాకుండా గీతల్ని లెక్కపెట్టే పిల్లలు చేసేది కూడా ఇదే తప్పు. పేపర్ మీద ఇంటూ మార్కు పెడితే ఇది బయటపడదు, "ఎలా చేశావో చూపించు" అంటే పది సెకన్లలో బయటపడుతుంది.

తర్వాతి మెట్టు 2+7 లాంటి చోట కనిపిస్తుంది. రెండు నుంచి మొదలుపెట్టి ఏడు అడుగులు వెయ్యడం కంటే, ఏడు నుంచి రెండు అడుగులు వెయ్యడం తేలికని పిల్లలు చాలాసార్లు ఎవరూ చెప్పకుండానే పట్టుకుంటారు. గ్రోయెన్, పార్క్‌మన్ అనే పరిశోధకులు 1972లో దీన్ని టైమ్ కొలిచి చూపించారు. మొదటి తరగతి వయసు పిల్లలు జవాబు చెప్పడానికి పట్టే సమయం రెండు సంఖ్యల్లో చిన్నది ఎంతుందో దాన్ని బట్టి పెరుగుతోంది. అంటే లోపల పెద్దదాని నుంచి ముందుకు లెక్కపెడుతున్నారన్నమాట. 3+3, 4+4 లాంటి జంటలు మాత్రం ఈ లెక్కకి లొంగలేదు, వాటికి దాదాపు ఒకే సమయం పట్టింది. జంటలు చాలా ముందుగానే గుర్తుండిపోతాయి, ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

రెండు సంఖ్యల స్థానాలు మార్చినా మొత్తం మారదన్న దానికి బడిలో స్థిత్యంతర ధర్మం అని పేరు. పేరు తెలియక ముందే పిల్లలు దాన్ని వాడేస్తారు. అలాగే ముందుకు లెక్కపెట్టడం చిన్నపిల్లల తిప్పలని తీసిపారేయాల్సిన పని లేదు. 1889లో ఇటలీ గణిత శాస్త్రవేత్త జుసెప్పె పెయానో సహజ సంఖ్యలకి పునాది వేసినప్పుడు కూడికను నిర్వచించింది అచ్చంగా ఆ దారిలోనే: ఒక సంఖ్యకి ఒకటి కలిపితే దాని తర్వాతి సంఖ్య, ఇంకోటి కలిపితే ఆ తర్వాతిది. వేళ్లు మడిచే పిల్లలు చేసేదీ అదే.

వేళ్లు మాన్పించాలా వద్దా అన్న ప్రశ్నకి కూడా సమాధానం ఇందులోనే ఉంది. ముందుకు లెక్కపెట్టేటప్పుడు ఒకేసారి రెండు వరసలు గుర్తుంచుకోవాలి: ఎక్కడికి వచ్చాం, ఇంకా ఎన్ని అడుగులు మిగిలాయి. రెండో వరసని వేళ్లు మోస్తాయి. వాటిని బలవంతంగా తీసేస్తే పిల్లలు లెక్కపెట్టడం మానరు, బల్ల కింద పెట్టుకుని మడుస్తారు, లేదా ఊహించి ఏదో ఒకటి చెప్పేస్తారు. వేళ్లకంటే తేలికైన దారి దొరికినప్పుడు వాటంతట అవే ఆగిపోతాయి.

పది అనే మజిలీ

ఆ తేలికైన దారే పది. 8+7లో ఎనిమిదికి పది కావాలంటే రెండు కావాలి. ఆ రెండూ ఏడు నుంచి తీస్తే ఐదు మిగులుతుంది. పదికి ఐదు కలిస్తే పదిహేను. నోట్‌బుక్‌లో 8+2+5 అని రాయించేది ఇందుకే.

చెప్పడానికి ఒక్క వాక్యం, చెయ్యడానికి మూడు విషయాలు ఒకేసారి చేతిలో ఉండాలి. ఎనిమిదికి పది చెయ్యడానికి ఎంత తక్కువో తెలియాలి, ఏడుని రెండూ ఐదుగా విడగొట్టగలగాలి, పదికి ఐదు కలిపితే ఎంతో లెక్కపెట్టకుండా తెలియాలి. వీటిలో ఏది లేకపోయినా దారి మూసుకుపోతుంది. విడగొట్టడం దగ్గర ఎక్కువ మంది ఇరుక్కుంటారు. ఏడు అంటే ఏడే అని నేర్చుకున్న పిల్లలకి, అది ఐదూ రెండూ, నాలుగూ మూడూ, ఆరూ ఒకటీ కూడా అని చూడ్డానికి అలవాటు కావాలి. పది లోపు సంఖ్యలతో ఈ విడదీసి కలిపే ఆట ఎంత ఎక్కువ నడిస్తే 8+7 అంత తేలికవుతుంది. తొందరపడి దాటేసే చోటు కూడా ఇదే కావడం విచారకరం.

మూడో విషయానికి భాష సాయపడుతుంది, లేదా అడ్డుపడుతుంది. చైనా భాషలో 15ని నేరుగా "పది ఐదు" అంటారు, 11ని "పది ఒకటి" అంటారు. ఇంగ్లిష్‌లో ఇలెవెన్, ట్వెల్వ్ అన్న మాటల్లో పది వినిపించదు, థర్టీన్ నుంచి నైన్టీన్ దాకా చిన్న అంకె ముందొచ్చి పది వెనకపడుతుంది. జర్మన్‌లో 21ని "ఒకటీ ఇరవై" అన్న వరసలో పలుకుతారు, రాసే వరస వేరు, పలికే వరస వేరు. హిందీలో వంద దాకా చాలా సంఖ్యలకి పేర్లు విడివిడిగా నేర్చుకోవాల్సిందే. తెలుగు ఈ విషయంలో చాలా నయం. పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు అన్న మాటల్లో పది ముందే వినిపిస్తుంది. పదకొండు, పన్నెండు, పంతొమ్మిదిలో కొంచెం కలిసిపోయినా మొదటి ముక్క పదే. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ముప్పై ఐదు అని వరసగా, రాసిన క్రమంలోనే వస్తాయి. "పదిహేను అన్న మాటలో ఏ రెండు అంకెలు దాక్కున్నాయి?" అన్న ఒక్క ప్రశ్న ఇక్కడ చాలా పని చేస్తుంది.

గుర్తుపెట్టుకోవాల్సినవి నిజానికి ఎన్ని?

పిల్లలకి కూడికలు ఒక పెద్ద గుట్టలా కనిపిస్తాయి. ఆ గుట్టని ఒకసారి విప్పి చూడాలి. 0 నుంచి 9 దాకా ఉన్న అంకెల్ని రెండేసి కలిపితే 100 కూడికలు. 3+5, 5+3 ఒకటేనని తెలిసిన క్షణం అవి 55 అవుతాయి. సున్నా కలిపితే సంఖ్య మారదు, ఆ 10 తీసేస్తే 45. ఒకటి కలపడం అంటే తర్వాతి సంఖ్య చెప్పడమే, ఇంకో 9 పోతే 36. 2+2 నుంచి 9+9 దాకా జంటలు 8, అవి ఎలాగూ త్వరగా వస్తాయి, 28. పది అయ్యేవి 2+8, 3+7, 4+6, ఇక 25. జంటకి ఒకటి ఎక్కువైనవి, అంటే 6+7 లాంటివి 7 ఉన్నాయి (6+6కి ఒకటి ఎక్కువ అంతే), 18. తొమ్మిదితో మిగిలినవి 6, తొమ్మిదికి ఒకటి ఇచ్చి పది చేసుకుంటే చాలు, 12. రెండు కలిపేవి 4, అవి రెండడుగులు, 8. ఎనిమిదితో మిగిలినవి 4, రెండు ఇచ్చి పది చేసుకోవచ్చు.

మిగిలేవి నాలుగే: 3+5, 3+6, 4+7, 5+7.

వందని విడివిడిగా బట్టీ పట్టిన పిల్లలకి ఒకటి మర్చిపోతే తిరిగి తెచ్చుకునే దారి ఉండదు. ఇలా ముడులు వేసుకున్న పిల్లలకి 6+7 గుర్తురాకపోతే 6+6 దగ్గర నుంచి నడిచి వెళ్లొచ్చు. ఇద్దరూ ఒకే జవాబు రాస్తారు కాబట్టి పరీక్ష పేపర్‌లో తేడా కనిపించదు. రాబర్ట్ సీగ్లర్ పరిశోధనల్లో తేలిన ఇంకో విషయం కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఒకే పాప ఒకే రోజున ఒక లెక్కకి వేళ్లు వాడుతుంది, ఇంకోదానికి పది చేస్తుంది, మరోదానికి జవాబు నేరుగా చెబుతుంది. పాత పద్ధతి ఒక రోజున మాయమై కొత్తది రాదు, పాతది తగ్గుతూ కొత్తది పెరుగుతూ చాలాకాలం పక్కపక్కనే నడుస్తాయి. నిన్న పది చేసిన పిల్లవాడు ఇవాళ మళ్లీ వేళ్లు మడిస్తే వెనక్కి పోయాడని టెన్షన్ పడక్కర్లేదు.

క్యారీ అంటే అదే పది

38+47 నిలువుగా రాస్తే, ఒకట్ల స్థానంలో 8+7 పదిహేను, "ఐదు వేసి ఒకటి పైన పెట్టు" అంటారు. ఆ ఒకటి ఏంటి, పైన ఎందుకు పెట్టాలి అన్నది చాలామందికి పెద్దయ్యాక కూడా చెప్పడం రాదు. ఆ ఒకటి పది. పదిహేనులో ఉన్న పది, పదుల గుంపులో చేరడానికి వెళ్తోంది, అక్కడ ఒక పదిని "1" అనే రాస్తారు. 8+7ని పదీ ఐదుగా చూసిన పిల్లలకి ఇది కొత్త పాఠమేమీ కాదు. 15ని ఒకే ముద్దగా బట్టీ పట్టిన పిల్లలకి మాత్రం ఇది అర్థం లేని ఆచారం, అందుకే మర్చిపోతారు.

మర్చిపోతే వచ్చే తప్పులు కూడా ఒక పద్ధతిలోనే వస్తాయి. 38+47కి 715 అని రాసే పిల్లలు ఉన్నారు: 3+4 ఏడు, 8+7 పదిహేను, రెండూ పక్కపక్కన పెట్టేశారు. ఒక్కో స్థానంలో ఒక్క అంకెకే చోటుందన్న నియమం వాళ్లకి చేరలేదు. కొందరు 75 అని రాస్తారు, పైన పెట్టాల్సినది వదిలేశారు. 345+27ని ఎడమ వైపు సమానంగా పేర్చి 615 తెచ్చేవాళ్లకి పదులు వెళ్లి వందల కింద కూర్చున్నాయి. వీటిలో దేన్నీ అజాగ్రత్త అని కొట్టెయ్యలేం. మూడు తప్పులకీ కారణం వేరు, మందు వేరు. 715 రాసిన పాపని "నలభైకి దగ్గరగా ఒకటి, యాభైకి దగ్గరగా ఒకటి, రెండూ కలిస్తే వంద దాటుతుందా?" అని అడిగితే తన తప్పు తానే పట్టుకుంటుంది.

కుడి నుంచే ఎందుకు మొదలుపెట్టాలి అన్నది కూడా పిల్లలు అడిగే మంచి ప్రశ్న. ఎడమ నుంచీ చెయ్యొచ్చు: 30కి 40 కలిపితే 70, 8కి 7 కలిపితే 15, మొత్తం 85. నోటితో చేసేటప్పుడు చాలామంది పెద్దలు చేసేది ఇదే. కాగితం మీద ఎడమ నుంచి వస్తే ముందు 7 రాసి, తర్వాత దాన్ని కొట్టేసి 8 చెయ్యాలి. కుడి నుంచి వెళ్తే రాసింది చెరపాల్సిన పని రాదు. రెండు సంఖ్యలు కలిపేటప్పుడు ఏ స్థానంలోనైనా వచ్చే అతి పెద్ద మొత్తం 9+9, దానికి పైనున్న ఒకటి కలిపి 19, కాబట్టి పైకి వెళ్లేది ఎప్పుడూ ఒకటికి మించదు. మూడు సంఖ్యలైతే రెండు దాకా వెళ్లొచ్చు. ఇది తెలిసిన పిల్లలు పైన 5 రాసుకుని 1 కింద వేసే పొరపాటు దగ్గర ఆగి ఆలోచిస్తారు.

298+37ని నిలువుగా రాస్తే రెండుసార్లు క్యారీ వస్తుంది. 37 నుంచి రెండు తీసి 298కి ఇస్తే 300+35, చూడగానే 335. నిలువు పద్ధతి ఏ సంఖ్యలకైనా పని చేస్తుంది, ఇది కొన్నింటికే. రెండూ చేతిలో ఉన్న పిల్లలు సంఖ్యని చూసి దారి ఎంచుకుంటారు, అందుకే పాత పద్ధతా కొత్త పద్ధతా అన్న తగువులో పెద్ద పస లేదు.

"=" అంటే జవాబు వెయ్యమని కాదు

+ గుర్తు అచ్చులో కనిపించింది 1489లో, జోహన్నెస్ విడ్‌మన్ పుస్తకంలో. = గుర్తుని 1557లో రాబర్ట్ రికార్డ్ ప్రవేశపెట్టాడు. ఒకే పొడవున్న రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి ఏముంటాయి అన్నది ఆయన ఇచ్చిన కారణం. పిల్లలు మాత్రం ఏడాదిపాటు 5+3= అన్న రూపమే చూసి చూసి, ఆ గుర్తుని "ఇక్కడ జవాబు రాయి" అన్న ఆజ్ఞగా చదువుతారు. 8+4=□+5 అని ఇస్తే గడిలో 12 రాస్తారు, లేదా అన్నీ కలిపేసి 17 రాస్తారు. రెండు వైపులా తూకం సమానంగా ఉండాలంటే 7 రావాలి. ఈ చిన్న అపార్థం కొన్నేళ్లు కనిపించకుండా ఉండి, బీజగణితంలో సమీకరణాలు మొదలయ్యాక బయటపడుతుంది. అప్పుడప్పుడు 8=5+3 అనీ, 6+2=5+3 అనీ తిప్పి రాయించడంతోనే దీన్ని చాలావరకు ముందే ఆపొచ్చు.

మాటల లెక్కల్లో జరిగే పొరపాటు కూడా ఇలాంటిదే. "మొత్తం", "ఇంకా" కనిపిస్తే కలిపెయ్యమని నేర్పిన పిల్లలు, "5 పెన్సిళ్లు ఉన్నాయి, ఇంకా కొన్ని ఇస్తే 12 అయ్యాయి, ఎన్ని ఇచ్చారు?" అంటే 17 అంటారు. కథని బొమ్మగా వేయిస్తే ఆ తప్పు రాదు.

స్పీడు సంగతి

జవాబులు చటుక్కున రావడం అవసరమే. మనసులో ఒకేసారి పట్టే విషయాలు కొన్నే. 38+47 చేస్తూ 8+7కి వేళ్లు మడవాల్సి వస్తే, ఆ ఏడు అడుగులయ్యేలోపు పదుల స్థానం సంగతి జారిపోతుంది. గుణకారం, భాగహారం, భిన్నాలు అన్నింటిలోనూ లోపల కూడిక నడుస్తూనే ఉంటుంది, కాబట్టి ఇక్కడి నెమ్మది అక్కడ రెట్టింపై కనిపిస్తుంది. గొడవ అంతా ఏది ముందు అన్న దాని దగ్గర. ముడులు పడకముందే గడియారం పెడితే, లెక్కపెట్టే పిల్లలు ఇంకా వేగంగా లెక్కపెట్టడానికి చూస్తారు, లేదా ఊహిస్తారు. పది చెయ్యడానికి ఆగి ఆలోచించాలి, గడియారం ముందు ఎవరూ ఆగరు. పైగా భయం కూడా మనసులో చోటు తింటుంది, లెక్కకి మిగలాల్సిన చోటే అది.

పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. 8+7 అడిగి, జవాబు వచ్చాక "ఎలా వచ్చింది?" అంటే చాలు. "ఎనిమిది, తొమ్మిది, పది..." అని వేళ్లు కదిలితే ముందుకు లెక్కపెడుతున్నారు, పది అయ్యే జతలతో ఇంకొన్నాళ్లు ఆడించాలి. "ఏడూ ఏడూ పద్నాలుగు, ఇంకోటి" అంటే జంటలు పట్టుబడ్డాయి. "ఊరికే తెలుసు" అంటే వెంటనే 28+7 అడగాలి. ముప్పై ఐదు అని తడుముకోకుండా వస్తే ఆ పదిహేనులో పది కనిపిస్తోందన్నమాట. ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి అని మళ్లీ వేళ్లు లేస్తే, పదిహేను అన్నది అప్పటిదాకా గుర్తున్న ఒక మాట మాత్రమే.